శ్రీ వరాహగిరి వేంకటగిరి: కార్మికుని వరుస హక్కు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో రెక్కల కష్టముపై బ్రతుకు కుటుంబములకు రెండు దినములు మరపురానివి. పని పోయిన దినము మొదటిది. పోయిన పని తిరిగి దొరకునేమో యని వాకిట నిలిచిన దినము రెండవది. మొదటి దినమున ఎవరిని ముందుగా బయటికి పంపవలెను? రెండవ దినమున ఎవరిని ముందుగా లోనికి పిలువవలెను? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము యజమాని యిష్టమునకే విడువబడిన కాలమున, పదియేండ్లు చెమటోడ్చినవాడు వెలుపలను, నిన్నమొన్న సిఫారసుతో వచ్చినవాడు లోపలను ఉండుట వింత కాకుండెను. ఆ యిష్టమునకు శాసనముచే హద్దు గీయించిన మంత్రి ఆంధ్రుడు. ఆయన శ్రీ వరాహగిరి వేంకటగిరి. మన దేశమున కాయన నాలుగవ రాష్ట్రపతి యని పాఠశాల బాలురెల్ల నెరుగుదురు. కాని యాయన జీవితములో మిక్కిలి విలువైన భాగము రాష్ట్రపతి భవనమునకు చాల ముందే, రైలు కర్మశాలల వాకిళ్లయందు గడచినది. ఆ భాగమునే నేడు పాఠకులకు జ్ఞప్తి చేయదలచితిమి. ఏలయన, ఆయన గీయించిన హద్దు ఇటీవల కొంత జరిగినది.

గిరిగారు 1894వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన బరంపురములో జన్మించిరి. నాడు ఆ పట్టణము చెన్నపురి రాజధానిలోని గంజాము జిల్లాలో నుండెను. నేడది ఒడిశాలో నున్నది. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుపొందిన న్యాయవాది, కాంగ్రెసువాది. తల్లి సుభద్రమ్మగారు తరువాతి కాలమున స్వాతంత్ర్యోద్యమములో పాల్గొని చెరసాలకు బోయిన ధీరురాలు. ఇట్టి యింట పుట్టిన పిల్లవానికి చదువును, పరపతియు, సుఖమైన వకీలు వృత్తియు ముందుగనే సిద్ధముగా నుండెను. ఆయన వాని నన్నిటిని ఒకనాడు ప్రక్కకు నెట్టివైచుటయే యీ కథలోని విశేషము.

1913లో ఆయన న్యాయశాస్త్రాభ్యాసమునకై ఐర్లండులోని డబ్లిను నగరమునకు వెడలిరి. ఇంగ్లండునకు గాక ఐర్లండునకు బోవుట ఆయన జీవితమును మలుపు త్రిప్పినది. ఆయన అచ్చట అడుగిడిన యేడే ఆ నగరమున గొప్ప లాకౌటు సంభవించెను. రవాణా కార్మికుల సంఘమును విడిచెదమని కాగితముపై సంతకము చేయువారికే పని యిత్తుమని యజమానులు పట్టుబట్టిరి. ఇరువది వేల మంది శ్రామికులు నెలల తరబడి వీధులపాలైరి. 1914 తొలి దినములలో పోరాటము సడలినపుడు, ఆకలికి తాళలేక తలవంచి సంతకము చేసినవారు కొందరు లోనికి బోయిరి. సంఘమునకు ముందు నిలిచినవారిలో పెక్కుర కెచ్చటను పని దొరకలేదు. పనివానిని తీసివేయునప్పటికంటె తిరిగి తీసికొనునప్పుడే యజమాని చేతిలోని కత్తికి పదును హెచ్చని డబ్లిను లోకమునకు చాటినది. ఆ నగరమున విద్యార్థిగా నున్న గిరిగారికి ఆ సంఘపు నాయకులలో నొకడగు జేమ్సు కానొలీ భావములు హృదయమున నాటుకొనెను.

1914లో ఆయన లండనులో గాంధీమహాత్ముని దర్శించిరి. 1916 ఏప్రిలులో డబ్లినున స్వాతంత్ర్యపు తిరుగుబాటు చెలరేగెను. కానొలీ మున్నగువారిని ఆంగ్లేయులు కాల్చి చంపిరి. ఐరిషు వీరులతో చెలిమి గలదను అనుమానమున గిరిగారిని ప్రభుత్వము దేశము విడిచి పొమ్మని శాసించెను. బారిస్టరు పట్టా చేతబట్టుకొని ఆయన ఆ యేడే స్వదేశమునకు మరలిరి. ఐర్లండు ఆయనకు రెండు పాఠములు నేర్పినది. దేశ స్వాతంత్ర్యమును కూలివాని స్వాతంత్ర్యమును వేరు వేరు కావనునది ఒకటి. సంఘము లేని శ్రామికుడు సైన్యము లేని రాజువంటివాడనునది రెండవది.

బరంపురమున వకీలుగా ఆయన పేరు త్వరలోనే వ్యాపించెను. కాని సహాయ నిరాకరణోద్యమపు పిలుపు వినవచ్చినంతనే ఆయన వృత్తిని త్యజించిరి. 1922లో కల్లు, సారాయి దుకాణముల యెదుట నిరసన జరిపినందుకు చెరసాల కేగిరి. అటుపిమ్మట ఆయన దృష్టి రైలు పనివారిపై బడెను. హౌరా నుండి వాల్తేరు వరకు సాగు బెంగాలు నాగపూరు రైలుమార్గము ఆయన పుట్టిన పట్టణము మీదుగనే పోవుచుండెను. ఆ మార్గమున ఇంజనులు నడుపువారు, బొగ్గు వేయువారు, పట్టాలు బిగించువారు, ఖరగపూరు కర్మశాలలో ఇనుము కరగించువారు - వీరిలో వేలకొలది తెలుగువారు. పొట్టచేతబట్టుకొని శ్రీకాకుళము, విశాఖ ప్రాంతముల నుండి వంగదేశమునకు బోయిన ఆ కుటుంబముల సంతతి నేటికిని ఖరగపూరున తెలుగు మాటలాడుచున్నది. గిరిగారు ఆ రైలు కార్మికులకు సంఘమును నిర్మించిరి. అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య స్థాపకులలోను ఆయన యొకరై, అనేక సంవత్సరములు దానికి ప్రధాన కార్యదర్శిగ పనిచేసిరి.

ఖరగపూరున 1927-28 సంవత్సరములలో జరిగిన పోరాటమే ఆయన పేరును దేశమంతట మ్రోగించినది. ఖర్చు తగ్గింపు నెపమున కంపెనీవారు కర్మశాల పనివారిని పెద్దసంఖ్యలో తొలగింప నిశ్చయించిరి. పని తగ్గినదా, మిగిలిన పనిని అందరకును పంచరాదా, తొలగింపక తప్పనిచో ఎవరిని తొలగింపవలెను అను ప్రశ్నలకు కంపెనీ కడ సంతృప్తికరమైన సమాధానము లేకుండెను. ఇట్టి తగ్గింపు జాబితాలలో ఒక కిటుకు దాగియుండును. సంఖ్య నొకసారి నిర్ణయించిన పిమ్మట పేర్లు వ్రాయుట ఫోర్‌మను చేతిలో నుండును. సభలో మాటలాడినవాడు, చందా వసూలు చేసినవాడు, దండము పెట్టనివాడు - వీరి పేర్లు తొలుత నెక్కును. అందుచే సేవాకాలపు వరుస యనునది కేవలము వృద్ధుల సౌకర్యమునకై ఏర్పడిన మర్యాద కాదు. సంఘమునకే అది కవచము. గిరిగారు ఈ సూక్ష్మమును గ్రహించిరి. సమ్మెయు, లాకౌటును నెలల తరబడి సాగెను. పస్తులున్నను పనివారు హింసకు దిగలేదు. తొలగింపబడినవారి హక్కులకై జరిగిన ఆ శాంతియుత సమరమున ప్రభుత్వమును కంపెనీయు దిగివచ్చి ముఖ్యమైన కోరికల నంగీకరింపవలసి వచ్చినది. భారత కార్మికోద్యమ చరిత్రలో అది మైలురాయి యని పెద్దలు చెప్పుదురు.

1926లో అఖిల భారత ట్రేడ్ యూనియను కాంగ్రెసునకు ఆయన అధ్యక్షులైరి. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సభకు భారత కార్మికుల ప్రతినిధిగ వెడలిరి. 1931లో లండనులోని రెండవ రౌండు టేబిలు సమావేశమున పారిశ్రామిక కార్మికుల పక్షమున కూర్చుండిరి. ఈ నడుమ 1929లో నాగపూరు సభలో ట్రేడ్ యూనియను కాంగ్రెసు చీలిపోయెను. ఆంగ్ల ప్రభుత్వము నియమించిన కార్మిక విచారణ సంఘముతో సహకరింపవలెనా, బహిష్కరింపవలెనా యను వివాదము ఆ చీలికకు ముఖ్య కారణము. గిరిగారును, ఎన్. ఎం. జోషిగారును సహకరింపవలెనను పక్షమువారై వేరొక సమాఖ్యను స్థాపించిరి. ఆ నిర్ణయము సరియైనదా యని నేడును తర్కింపవచ్చును. విదేశ ప్రభుత్వపు కమిటీ యెదుట సాక్ష్యమిచ్చుట జాతీయవాదికి తగునా యని కొందరు నిందించిరి. కూలివాని బాధ ఎవరి యెదుట జెప్పినను చెప్పవలసినదే యని ఆయన పక్షము. కొంత కాలమునకు చీలిన సంఘములు మరల కలిసినవి.

1937 ఎన్నికలు ఆంధ్రదేశమున నొక విచిత్ర ఘట్టము. రాజధాని ప్రభుత్వమునకు నాయకత్వము వహించిన బొబ్బిలి రాజాగారిని వారి స్వస్థానమగు బొబ్బిలిలోనే గిరిగా రోడించిరి. కోటలోని ప్రభువును కూలీల వకీలు గెలిచెనని ఊరూర చెప్పుకొనిరి. రాజాజీ మంత్రివర్గమున ఆయన కార్మిక, పరిశ్రమల శాఖలను స్వీకరించిరి. 1939లో కాంగ్రెసు మంత్రులు పదవులు విడిచినపుడు ఆయనయు విడిచి, తిరిగి చెరసాల కేగిరి; 1941 వరకు పదునైదు మాసములు నిర్బంధమున నుండిరి. 1942లో క్విట్టిండియా సమరమున మరల పట్టుబడి, వెల్లూరు, అమరావతి చెరసాలలలో మూడేండ్లు గడపిరి. ట్రేడ్ యూనియను కాంగ్రెసు ఆయనను రెండవసారి అధ్యక్షునిగ నెన్నుకొనినపుడు ఆయన చెరలో నుండిరి. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున తిరిగి కార్మిక శాఖ నిర్వహించిరి. 1947లో సింహళ ద్వీపమునకు భారత హైకమిషనరుగ నియుక్తులై 1951 వరకు నచ్చట నుండిరి.

మొదటి సార్వత్రిక ఎన్నికలలో పాతపట్నము నుండి లోకసభ కెన్నికై, 1952లో నెహ్రూ మంత్రివర్గమున కేంద్ర కార్మిక మంత్రియైరి. మనము ప్రస్తావించుచున్న హక్కునకు జననము ఇచ్చటనే. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమున తగాదాల పరిష్కారమునకు మార్గము లుండెను గాని, తొలగింపబడువానికి పరిహార మెంత, వరుస యెట్టిది, తిరిగి పిలుపు ఎట్టిది యను మాట లేకుండెను. ట్రిబ్యునళ్లు న్యాయబుద్ధిచే కొన్ని సూత్రములను పాటించుచుండెను, అంతే. 1953లో బట్టల మిల్లులలో సరకు అమ్ముడుపోక గుట్టలుపడి, వేలమందిని పనినుండి నిలుపుదురను భయము వ్యాపించెను. ప్రభుత్వము తొలుత ఆర్డినెన్సును, తరువాత 1953వ సంవత్సరపు 43వ చట్టమును తెచ్చెను. అక్టోబరు 24 నుండి అమలునకు వచ్చిన ఆ సవరణను పార్లమెంటున నడపిన మంత్రి గిరిగారే.

ఆ సవరణలోని ఏర్పాట్లను కార్మిక సోదరులు ఎరిగియుండుట మంచిది. పని లేక తాత్కాలికముగ నిలుపబడిన కార్మికునకు, చట్టము వర్తించు పరిశ్రమలలో, మూలవేతన కరవు భత్యములలో సగము పరిహార మీయవలెను. శాశ్వతముగ తొలగించునపుడు ఒక నెల నోటీసును, సేవచేసిన ఒక్కొక్క పూర్తి సంవత్సరమునకు పదునైదు దినముల సగటు వేతనమును చెల్లింపవలెను. ఏడాదిలో 240 దినములు, తరువాతి సవరణ ననుసరించి భూగర్భ గనిలోనైనచో 190 దినములు పనిచేసినవానికి సంవత్సరపు సేవ పూర్తియైనట్లు లెక్క. గనిలో దిగువాని కష్టమును శాసనము వేరుగ గుర్తించుట ఇచ్చట గమనింపదగినది. ఇక వరుస మాట. ఒక తరగతి పనివారిలో కొందరిని తొలగింపవలసి వచ్చినపుడు, వేరు ఒడంబడిక లేనిచో, సాధారణముగ కడపట చేరినవానినే మొదట తొలగింపవలెను. యజమాని ఆ వరుసను తప్పినచో కారణములను వ్రాసి యుంచవలెను. తిరిగి పనివారిని తీసికొన దలచినపుడు మునుపు తొలగింపబడినవారికి అవకాశమిచ్చి, వచ్చినవారికి ఇతరులకంటె ముందు చోటీయవలెను.

1957లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమములు ఈ హక్కునకు చేతులు కాళ్లు కల్పించినవి. తొలగింపునకు కనీసము ఏడు దినములు ముందుగ ఆ తరగతివారి సేవా వరుస జాబితాను నోటీసు బోర్డుపై నంటింపవలెను. ఖాళీలు నింపుటకు కనీసము పది దినములు ముందుగ వాని వివరములను బోర్డుపై ప్రకటించి, తొలగింపబడినవారికి రిజిస్టరు టపాలో తెలుపవలెను. ఖాళీలు తక్కువయై మనుష్యులు ఎక్కువయైనపుడు, జాబితాలో పైనున్నవారికి, ఖాళీలకు రెట్టింపు మందికి, జాబు పంపిన చాలును. కార్మిక సంఘములకును ఆ సమాచార మందవలెను. చూచుట కివి గుమాస్తా పనులు. కాని హక్కు బ్రతుకునది ఇట్టి చిన్న కాగితములయందే. బోర్డుపై జాబితా లేనిచోట వరుస లేదు. జాబు అందనిచోట పిలుపు లేదు.

యజమానుల పక్షపు వాదమును తోసిపుచ్చరాదు. కడపట వచ్చినవాడు నేర్పరియై, ముందు వచ్చినవాడు అలసుడైనచో పరిశ్రమ గతి యేమని వారడుగుదురు. శాసనము దీనికి చోటు విడిచియే యున్నది. సాధారణముగ నను మాట యందులకే. చెన్నపురిలోని స్వదేశమిత్రన్ పత్రిక పనివారి వివాదమున 1960లో సుప్రీము కోర్టు ఈ విషయమును తేల్చినది. వరుసను తప్పదలచిన యజమాని, నమ్మదగిన సాక్ష్యముతో, వీలైనంతవరకు కార్మికుని సేవా పుస్తకములోని ఆధారముతో తన నిర్ణయమును నిలుపుకొనవలెను. జాతీయవాద పత్రికయైనను తన ముద్రణాలయమున ఈ ధర్మమునకు లోబడవలసినదే యని ఆ తీర్పు మా వృత్తివారికిని హితోపదేశము చేసినది. 1996లో సెంట్రల్ బ్యాంకు వివాదమున అదే న్యాయస్థానము, తిరిగి పిలుపు పొందు హక్కు ఏడాది సేవ నిండినవారికే గాక తొలగింపబడిన వారందరికిని గలదనియు, అయితే వారి వారి వరుస ననుసరించియే యనియు నిర్ణయించినది.

ఒక లోపమును గూడ చెప్పవలెను. తిరిగి తీసికొనబడినవానికి ముందు చోటు దక్కునని శాసనమన్నది గాని, ఆతని పాత సేవాకాలమును కలిపి లెక్కింపవలెనని చెప్పలేదు. పదునైదేండ్లు పనిచేసి వెలికి బోయినవాడు తిరిగివచ్చి, తానే పని నేర్పిన కుర్రవాని క్రింద వరుసలో నిలువవలసిన స్థితి సంభవింపవచ్చును. మరల తొలగింపు వచ్చినచో కడపటి వాడతడే. ఈ లోపమును పూరింపగలది సంఘమునకును యజమానికిని కుదురు ఒడంబడిక మాత్రమే.

ఈ ఒడంబడిక మార్గమే గిరిగారికి ప్రాణపదము. ప్రతి తగాదాను ప్రభుత్వము బలవంతముగ ట్రిబ్యునలునకు పంపుట ఆయనకు గిట్టలేదు. కోర్టు తీర్పు ఒక పక్షమునకు గెలుపును, వేరొక పక్షమునకు పగను మిగుల్చును. ఇరుపక్షములు కూర్చుండి చేసికొన్న ఒప్పందమే నిలుచునని ఆయన నమ్మకము. 1952లో నైనీతాలున జరిగిన భారత కార్మిక సభలో ఈ విధానము చర్చకు వచ్చెను. దానికి గిరి మార్గమని పేరు వచ్చినది గాని, ప్రభుత్వము దాని నవలంబింపలేదు. బలము చాలని సంఘములు గల దేశమున బేరము బలవంతునికే లాభమని విమర్శకు లనిరి. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. అందుచేతనే కాబోలు, బేరమునకు దిగని దిగువ హద్దుగ 1953 శాసనమును ఆయన నిలిపిరి. క్రింద శాసనము, పైన ఒడంబడిక - ఇది ఆయన కట్టడమని మా యభిప్రాయము.

1954లో ఆయన ధైర్యమునకు పరీక్ష వచ్చెను. బ్యాంకు ఉద్యోగుల వివాదమున అప్పిలేటు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము ఉద్యోగులకు నష్టము కలుగునట్లు సవరించెను. కార్మికులు తీర్పులకు లోబడవలెనని బోధించు ప్రభుత్వమే తీర్పును మార్చుట ఆయన మనస్సున కొప్పలేదు. ఆగస్టులో మంత్రి పదవికి రాజీనామా నిచ్చిరి. ఆ పిమ్మట ప్రభుత్వము విచారణ సంఘమును నియమించి, 1955లో దాని సిఫారసుల మేరకు వేరొక శాసనమును చేయవలసివచ్చినది. పదవిని పట్టుకొని వ్రేలాడువారు పెక్కురు గల మన రాజకీయములలో, కూలి లెక్క కొరకు కేంద్ర మంత్రిత్వమును విడిచిన సంఘటన ఇది యొకటి.

తరువాతి చరిత్ర లోకవిదితము. 1957 ఎన్నికలలో పార్వతీపురమున ఓడిపోయి, ఉత్తర ప్రదేశమునకును, కేరళమునకును, మైసూరునకును క్రమముగ గవర్నరులైరి. 1967లో ఉపరాష్ట్రపతియైరి. 1969లో జాకీరు హుసేనుగారి మరణానంతరము, కాంగ్రెసు అధికార అభ్యర్థియగు శ్రీ నీలం సంజీవరెడ్డిగారిపై స్వతంత్రునిగ పోటీచేసి, రెండవ ప్రాధాన్యపు వోట్లు లెక్కించిన పిమ్మట గెలిచిరి. ఇద్దరాంధ్రుల ఆ పోటీ కాంగ్రెసు చీలికకు దారితీసినది. రాష్ట్రపతిగ ఆయన ప్రధానమంత్రి సలహాలకు తలయూపుటయే గాని వేరొకటి చేయలేదని విమర్శింపబడినారు. 1974 మే 8వ తేదీన రైలు కార్మికుల మహా సమ్మె ఆరంభమై 27వ తేదీన ముగిసినది. దానికి నాయకత్వము వహించినది, ఒకప్పుడు గిరిగారే పాదుకొల్పిన సమాఖ్య. వేలమంది చెరసాలలపాలైరి, వేలమంది ఉద్యోగములు పోయినవి. ఖరగపూరు వీరుడు రాష్ట్రపతి భవనమున నుండగనే రైలు కార్మికునికి ఇట్టి యాపద వచ్చుట విధి వైపరీత్యము. ఆ పదవికి గల రాజ్యాంగపు సంకెళ్లను తలచినను, ఈ ఘట్టము ఆయన జీవితమున చీకటి చారయే యని చెప్పక తప్పదు. తొలగింపబడిన రైలు కార్మికులు 1977లో ప్రభుత్వము మారిన పిమ్మట తిరిగి పనిలో జేర్చుకొనబడిరి. 1975లో భారతరత్న బిరుదము నందిన గిరిగారు 1980 జూనులో చెన్నపురిలో కన్నుమూసిరి. 1974లో నెలకొల్పబడిన జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టబడినది.

ఇక మన జిల్లాల మాటకు వత్తము. జనగామ మీదుగ కాజీపేటకును, అచ్చటినుండి మహబూబాబాదు, డోర్నకలుల మీదుగ బెజవాడకును సాగు రైలుమార్గము నిజాము కాలపు నిర్మాణము. డోర్నకలు నుండి చీలిన శాఖ సింగరేణి బొగ్గును మోయుటకు పుట్టినది. 1920లో ఏర్పడిన సింగరేణి కంపెనీ నేడు భూపాలపల్లిలోను గనులు నడుపుచున్నది. 1990 ప్రాంతమున లక్షకు మించియుండిన ఆ కంపెనీ కార్మికుల సంఖ్య తరువాతి దశాబ్దములలో నలుబది వేల దరిదాపునకు దిగినది. కాంట్రాక్టు పనివారు పెరిగినారు. బదిలీ కార్మికుడు మస్టరు పడిన దినములను వ్రేళ్లపై లెక్కించుకొనుచు జీవించుట గని ప్రాంతమున అందరెరిగిన కథ. వరుసలో ఒక్క దినపు తేడా ఒక కుటుంబపు జీవితపు తేడా కాగలదు. కాంట్రాక్టు పనివాని కష్ట మింకను దుర్భరము. కాంట్రాక్టరు మారినపుడెల్ల అతని పేరు క్రొత్త కాగితమున మొదటినుండి మొదలగును. పాత జాబితా ఏదియు అతని నెరుగదు.

ఇటీవలి సంఘటనలు రెండు చాలును. 2019 అక్టోబరు 5న ఆరంభమైన ఆర్టీసీ సమ్మె ఏబది దినములకు మించి సాగినది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి డిపోలలోను బస్సులు నిలిచినవి. సమ్మె చేసినవారు తమంతట తామే ఉద్యోగములు పోగొట్టుకొన్నారని ప్రభుత్వ మనెను. తాత్కాలిక డ్రైవర్లు, కండక్టర్లు వచ్చిరి. నవంబరు 29న పాతవారు తిరిగి విధులలో చేరగలిగిరి గాని, అది రాజకీయ నిర్ణయముచే లభించిన అనుగ్రహము వలె జరిగినది. ఉపాధి హామీ పథకపు క్షేత్ర సహాయకులు సమ్మె చేసి 2020లో తొలగింపబడి, 2022లో తిరిగి తీసికొనబడిరి. రెండేండ్లు ఆ కుటుంబము లెట్లు గడపినవో పల్లెలలో నడిగిన తెలియును. ఈ సంఘటనలు 1953 శాసనము చెప్పిన ఉద్వాసనలు సరిగా కావు. అయినను తిరిగి పిలుపు హక్కుగ రావలెనా, దయగ రావలెనా యను ప్రశ్న వీనియందును అదియే.

ఇప్పుడు హద్దు జరిగిన మాట. పార్లమెంటు 2020లో ఆమోదించిన పారిశ్రామిక సంబంధముల స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చి, 1947 నాటి చట్టమునకు బదులు నిలిచినది. కడపట చేరినవాడు మొదట వెడలవలెనను సూత్రము క్రొత్త స్మృతిలోను గలదు. తొలగింపబడినవానికి పదునైదు దినముల వేతనము చేరునట్లు పునర్నైపుణ్య నిధి యను క్రొత్త మేలును అందు చేర్చబడినది; దానిని మేము స్వాగతించుచున్నాము. కాని తిరిగి పిలుపు హక్కునకు ఒక యేడాది గడువు విధింపబడినది. తొలగించిన సంవత్సరము లోపల యజమాని పనివారిని తీసికొన్నచో పాతవానికి ముందు చోటు. సంవత్సరము దాటిన పిమ్మట ఆ బాధ్యత లేదు. పాత చట్టమున ఇట్టి గడువు లేదు.

ఇది చిన్న మార్పు కాదు. పరిశ్రమకు వచ్చు మాంద్యము పంచాంగము చూచి రాదు, చూచి పోదు. ఇప్పుడు ములుగు జిల్లాలో నున్నదియు, 2016 నుండి 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో నుండినదియు నగు కమలాపురపు గుజ్జు కర్మాగారము 2014లో ఉత్పత్తి నిలిపినది. మరల తెరచు మాట పలుమారులు వినవచ్చుచు సంవత్సరములు గడచినవి. మూత వేరు, ఉద్వాసన వేరని న్యాయవాదులు చెప్పుదురు, నిజమే. కాని పని నిలిచిన చోట ఒక సంవత్సరమెంత త్వరగ గడచునో ఆ యూరివారి కెరుకయే. దుర్బుద్ధిగల యజమాని పదమూడవ నెల వరకు ఓపికపట్టి, సంఘపువారిని వదలించుకొని, క్రొత్తవారిని తక్కువ జీతమునకు దెచ్చుకొనవచ్చును. పాత జాబితాలను శాశ్వతముగ మోయుట భారమని యజమానులు చెప్పు మాటలో కొంత న్యాయమున్నచో, గడువు మూడేండ్లో, అయిదేండ్లో యుండదగును గాని ఏడాదికి దిగజారరాదు. పార్లమెంటు ఈ సెక్షనును తిరిగి పరిశీలింపవలెనని మేము కోరుచున్నాము.

అంతవరకు కార్మికులు చేతులు ముడుచుకొని కూర్చుండ నవసరము లేదు. శాసనము కుదించిన గడువును ఒడంబడిక పొడిగింపగలదు. నూటికి ఏబదియొక్క మంది సభ్యత్వముగల సంఘమునకు సంప్రదింపుల హక్కును క్రొత్త స్మృతియే యిచ్చుచున్నది. ఆ సంఘములు జీతపు పెంపును మాత్రమే గాక, తొలగింపబడినవారి జాబితా ఎన్నాళ్లు నిలుచును, తిరిగి వచ్చినవాని పాత సేవ లెక్కకు వచ్చునా, కాంట్రాక్టరు మారినను పనివాని వరుస నిలుచునా యను అంశములను బేరపు బల్లపై నుంచవలెను. ప్రతి సంఘమును తన సభ్యుల చేరిక తేదీలు, చిరునామాలు గల పుస్తకమును స్వయముగ వ్రాసి యుంచుకొనవలెను. యజమాని జాబితాలో పేరు మాసినను సంఘపు పుస్తకమున మాయరాదు.

స్వరాజ్యమనగా ఢిల్లీలో మన జెండా ఎగురుట మాత్రమే కాదని గిరిగారి తరమువారు నమ్మిరి. కర్మశాల వాకిట నిలిచిన పనివాడు తన వంతు ఎప్పుడు వచ్చునో తెలిసికొనగలిగి, ఆ వంతును సిఫారసు గాని, పగ గాని దాటిపోలేని దినమున స్వరాజ్యము ఆ వాకిలి వరకు వచ్చినట్లు. ఆ మహనీయుడు గీయించిన గీతను చెరగనీయక నిలుపుకొనుట మూడు జిల్లాల కార్మిక సోదరులకును, వారి నోట మాటలాడు ప్రజాప్రతినిధులకును విధి యని మేము విన్నవించుచున్నాము.